ఒక ముల్లు, మూడు ముళ్లు

నూజివీడు బస్టాండు వెనక ఓ చిన్న ఆసుపత్రిలో సుసన్నా పదిహేనేళ్లుగా ఎక్స్‌రేలు తీస్తోంది. ఆమె బల్ల సొరుగులో పెన్నులతో పాటు పసుపు కొమ్ములు, ఓ నూలు ఉండ ఉంటాయి. వాటిని చూసి చర్చిలో పెద్దావిడ లేయమ్మ ఓసారి మొహం చిట్లించింది.

"క్రైస్తవురాలివి, నీ సొరుగులో ఇవేంటే?"

"ఎక్స్‌రేలో పసుపుతాడు అడ్డం రాదు పిన్నీ. బంగారమే అడ్డం వస్తది," అంది సుసన్నా.

అది వెటకారం కాదు, దెబ్బతిని నేర్చుకున్న పాఠం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకావిడ గొంతులో చేపముల్లు దిగిందని వచ్చి, పుస్తెలతాడు మాత్రం తీయనంది. సుసన్నా మొహమాటపడి అలాగే ఫొటో తీసింది. మెడ కింద గొలుసు నీడ అడ్డంగా పడింది. ముల్లు సరిగ్గా దాని చాటునే ఉంది. నాలుగో రోజుకి గొంతు చీముపట్టింది. ఆవిడ కోలుకునేదాకా, నెల రోజులు సుసన్నాకి అన్నం సయించలేదు.

మొన్న వేసవిలో, రసాల కోత జోరుమీదుండగా, చాట్రాయి నుంచి బసవమ్మ వచ్చింది. తోటలో కూలీలకి బొచ్చెచేప పులుసు వండిపెట్టి, హడావుడిగా తనూ రెండు ముద్దలు తింది. ముల్లు దిగింది. ఇక చూసుకోండి, ఇంటికో వైద్యుడు పుట్టుకొచ్చాడు. ఒకరు ఉత్త అన్నం ముద్ద మింగమన్నారు, ఇంకొకరు అరటిపండన్నారు. ముల్లు అందరి మాటా విని మరింత లోపలికి పోయింది. రెండో రోజుకి ఉమ్మి మింగడమే గగనమైంది.

"పుస్తెలతాడు తీయాలండీ," అంది సుసన్నా.

బసవమ్మ మెడకి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ముప్పై ఎనిమిదేళ్లయింది కట్టి. ఒక్కపూట తీయలా. ముల్లుంటే ఉండనీ." కొంగు సర్దుకుని లేచింది.

ఇప్పుడు గడప దాటితే ఈమె మళ్లీ రాదు. వచ్చినా, అప్పటికి చీము పట్టేసి ఉంటుంది. సుసన్నా గబగబా సొరుగు తెరిచి, నూలుతాడుకి పసుపు రాసి, కొమ్ము కట్టి, బయట కూర్చున్న బసవమ్మ భర్త భాస్కరరావుని పిలిచింది.

"ముందు ఇది కట్టండి బాబాయ్. తర్వాతే అది తీద్దాం. పిన్నిగారి మెడ ఒక్క క్షణం కూడా బోసిగా ఉండదు."

"ఒక ముల్లు తీయడానికి మళ్లీ మూడు ముళ్లు వెయ్యాలా?" అన్నాడు గానీ, మామిడి సొన మరకలున్న వేళ్లతో తాడందుకున్నాడు. రెండో ముడి దగ్గర ఆగి, భార్య మొహంలోకి చూశాడు. రెండు రోజుల్లోనే ఎంత వాడిపోయింది. బసవమ్మ లేచినదల్లా కూర్చుంది. మూడో ముడి పడ్డాక బంగారం తీయనిచ్చింది.

అన్ని చేపల ముళ్లూ ఫొటోలో పడవు. ఇది పడింది, గొలుసు ఉండే చోటే, సన్నటి తెల్లగీతలా. డాక్టరుగారు గొట్టం వేసి బయటికి లాగారు. సుసన్నా తన గదిలోకెళ్లి తలుపేసుకుని, సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

పది రోజులకి డాక్టరుగారు ఇంకో ఫొటో అడిగారు. ఈసారి ఎవరూ చెప్పకముందే బసవమ్మ బంగారం తీసి భర్త చేతిలో పెట్టింది. మెడలో వెలిసిన పసుపుతాడు అలాగే ఉంది.

"ఇంకా ఉంచారేంటండీ?" అంది సుసన్నా.

భాస్కరరావు ఉన్నట్టుండి గోడమీది కేలండరు చదవడం మొదలుపెట్టాడు.

"తీయబుద్ధి కాలేదమ్మా," అంది బసవమ్మ. "పెళ్లినాడు ఈయన తలొంచుకుని కట్టాడు, నా మొహమే చూళ్లేదు. మొన్న చూశాడు."