షేక్‌పేట కామిక్స్, ఫిల్మ్‌నగర్ డికాక్షన్

కరోనా తర్వాత స్టూడియో ఫ్లోర్లు మళ్ళీ తెరుచుకున్న వేసవిలో, ఫిల్మ్‌నగర్‌లోని ఒక నిర్మాణ సంస్థ తన సినిమాకు నన్ను సెట్ డెకరేటర్‌గా తీసుకుంది. ఆ తర్వాత ఇంకొక్క సినిమా చేసి నేను రిటైరయ్యాను. ఆర్ట్ డైరెక్టర్ గోడలు నిలబెట్టిస్తాడు. ఆ గోడల మధ్య ఎవరో నిజంగా బతుకుతున్నట్టు కనిపించడానికి కావలసిన సామాను తెచ్చి అమర్చేది సెట్ డెకరేటర్. ఆ సామాను మొత్తాన్ని ప్రాపర్టీ అంటాం.

ఆ సంస్థ సినిమా కథలో హీరో చిన్నప్పుడు ఒక కామిక్స్ కొట్టులో పెరుగుతాడు. జూబ్లీహిల్స్‌లో ఒక స్టూడియో ఫ్లోర్ మీద ఆ కొట్టు సెట్ వేస్తున్నారు. పుస్తకాలు మాత్రం అసలైన పాత తెలుగు కామిక్సే కావాలని, ప్రింటు తీసిన నకళ్ళు వద్దని దర్శకుడు పట్టుబట్టాడు. కుర్రవాడే అయినా పట్టింపు ఉన్నవాడని అప్పుడు మురిసిపోయాను.

ఇంత మహానగరంలో మంచి కామిక్స్ కొట్టు దొరకడం ఎంత గగనమో ఆ వారంలో తెలిసింది. మా ఆఫీసు వీధిలో కుక్కలకు స్వెట్టర్లు అమ్మే షాపు ఉంది, పిల్లవాడు బొమ్మల కథ కొనుక్కునే చోటు లేదు. బంజారా హిల్స్‌లో ఒక పెద్ద పుస్తకాల షోరూమ్‌కి వెళ్ళాను. విదేశీ కామిక్స్ అన్నీ ప్లాస్టిక్ సీలులో ఉన్నాయి, విప్పి చూడనివ్వరు. పేజీ తిప్పకుండా బొమ్మల పుస్తకం ఎలా కొంటారో నాకర్థం కాలేదు. తెలుగువి అడిగితే సేల్స్ అమ్మాయి, "తెలుగులో రైమ్స్ ఉన్నాయి మేడమ్, కామిక్స్ ఎవరూ అడగరు" అంది. నేను అడుగుతున్నాను కదమ్మా అని బయటికొచ్చేశాను. ఆదివారం కోఠి పేవ్‌మెంట్ల మీద కాలికి బలపం కట్టుకుని తిరిగాను. దొరికినవాటికి అట్ట ఒక పుస్తకానిది, లోపలి కాగితాలు మరోదానివి.

చివరికి మా సెట్ కార్పెంటర్ చెబితే షేక్‌పేట పాత ఊళ్ళోకి వెళ్ళాను. అక్కడ యాదగిరి గారు కిరాయికి పుస్తకాలిచ్చే దుకాణం నడుపుతున్నారు. లోపల నేల నుంచి కప్పు దాకా తెలుగు కామిక్స్, ఒక్కోటి ఒక్కో కవరులో, మధ్య మధ్య ఎండు వేపాకు. బెంచీ మీద నలుగురైదుగురు పిల్లలు తలకాయలు వంచుకుని చదువుకుంటున్నారు. అన్నిటికంటే విలువైనది ఒక సీరియల్. మొదటి భాగం నుంచి ఆఖరి భాగం దాకా ఒక్కటీ పోకుండా ఒకే సంపుటంగా కుట్టించి పెట్టుకున్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆయనకు మాత్రం ఇవ్వాలని లేదు. ఎంతో బతిమాలితే ఒప్పుకున్నారు. "ఇస్త గని మేడం, ఎట్ల తీస్కపోతరో గట్లనే తేవాలె. సెలవులల్ల పోరగాళ్ళు వీటికోసమే వస్తరు. ఇవి లేకుంటే నాది దుకాణం గాదు, గోదాం" అన్నారు. కంపెనీ తరఫున కాదు, నా సొంత మాట ఇచ్చాను.

ప్రాపర్టీ మూడు రకాలు: కొన్నవి, అద్దెకు తెచ్చినవి, షాట్‌లో పగలగొట్టడానికి తెచ్చినవి. అద్దె వస్తువుకు ఎర్ర చీటీ కడతాం. ఎర్ర చీటీ ఉన్నదానికి రంగు పూయకూడదు, కోయకూడదు, మేకు కొట్టకూడదు. లైట్‌బాయ్ దగ్గర్నుంచి దర్శకుడి దాకా తెలిసిన నియమం ఇది. ప్రతి కట్టకూ ఎర్ర చీటీ నా చేత్తోనే కట్టాను.

షూటింగ్‌కు ముందు రోజు కెమెరా టెస్టు. నేను వేరే సెట్ తాలూకు ఫర్నిచర్ చూడటానికి వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగొచ్చాను. ఫ్లోర్ వెనక తాళ్ళు కట్టి, ఉతికిన బట్టల్లా కామిక్స్ ఆరేశారు. అంచుల నుంచి గోధుమరంగు చుక్కలు కారుతున్నాయి. కింద బకెట్ నిండా టీ డికాక్షన్.

కొత్త వస్తువును పాతగా కనిపించేలా చేయడాన్ని మేం ఏజింగ్ అంటాం. కాగితానికైతే టీ డికాక్షన్ పూసి ఆరబెట్టి, అంచులు శాండ్‌పేపర్‌తో రుద్దుతారు. మానిటర్‌లో చూసిన దర్శకుడికి యాదగిరి గారి పుస్తకాలు మరీ శుభ్రంగా కనిపించాయట. ఏజింగ్ చేయమన్నాడట. "ఎర్ర చీటీ ఉంది సార్ అన్నాను మేడమ్. తీసేసి చెయ్యమన్నారు" అన్నాడు పెయింటర్ తల వంచుకుని.

అరికాలి మంట నెత్తికెక్కింది. నేరుగా దర్శకుడి దగ్గరికి వెళ్ళి, అవి నిజంగానే పాతవి కదా, మళ్ళీ ఏజింగ్ ఏమిటని అడిగాను.

"పాతవేనండీ. కానీ పాతవిలా కనపడటం లేదు కదా మేడమ్!" అన్నాడు, ఏమాత్రం తడుముకోకుండా.

అసలువే కావాలని నన్ను ఊరంతా తిప్పినవాడు అన్న మాట అది. ప్రొడక్షన్ మేనేజర్ మధ్యలో దూరి, ఆన్‌లైన్‌లో కొని ఇచ్చేద్దాం, ఎందుకంత ఆవేశమన్నాడు. కొనండి, ఇప్పుడే కొనండి అన్నాను. కాసేపు వెతికి ఫోను జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు ఆ కొట్టు సీను తీయడం అయ్యాక, యాదగిరి గారికి జరిగిందేమిటో మీరే వచ్చి చెప్పండని దర్శకుడిని అడిగితే, ఇంకో షాట్ ఉందన్నాడు. బదులుగా మేనేజర్‌ను పంపాడు, శాలువా ఇచ్చి. మా పరిశ్రమలో ఏ తప్పుకైనా మందు అదే: శాలువా కప్పడం, ఫొటో దిగడం, టైటిల్స్‌లో కృతజ్ఞతలు వేయడం.

దుకాణంలో మేనేజర్ కట్టలు దింపించి, ఏం జరిగిందో నేను చెప్పేలోపే యాదగిరి గారి భుజాల మీద శాలువా కప్పేశాడు. ఆయన సీరియల్ సంపుటం తెరిచారు. ఆఖరి భాగాలు అట్టకట్టి, విడదీయబోతే బొమ్మలు ఊడి వస్తున్నాయి. నేను జరిగింది చెప్పాను. ఆయన సంపుటం మూసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఇన్నేండ్ల సంది ఇవి పాతగ గావద్దని పానం పెట్టి కాపాడిన. మీరు ఒక్క పొద్దుల పాతగ చేసిండ్రు. మంచిగ ఉంచుకున్నందుకు నాకు శిక్షనా మేడం?"

మేనేజర్ ఫోను ఎత్తి ఫొటో అన్నాడు. యాదగిరి గారు శాలువా తీసి నేల మీద పరిచి, ఇంకా తడి ఆరని పుస్తకాలను దాని మీద వరసగా పెట్టుకోవడం మొదలుపెట్టారు. నేనూ కూర్చుని సాయం చేశాను. మేనేజర్ కారులోకి వెళ్ళి కూర్చున్నాడు.

దుకాణం ఇంకా నడుస్తోంది. ఆ సీరియల్ చదివే పిల్లలకు ఆఖరు ఏమైందో యాదగిరి గారు నోటితో చెప్పాల్సి వస్తోంది. బొమ్మలు నోటితో చెప్పలేరు. ఆ కోపం నాకు ఈ రోజుకీ తగ్గలేదు, తగ్గాలని కూడా నేను అనుకోవడం లేదు.

ఈ వ్యవహారం వల్ల వృత్తిపరంగా నేను నేర్చుకున్నది ఇది: మళ్ళీ దొరకని వస్తువును ఫ్లోర్ మీదికి తేకూడదు. ఎర్ర చీటీ దేన్నీ కాపాడదు, దాన్ని లెక్కచేసే మనిషి పక్కన ఉంటే తప్ప. నా చివరి సినిమాకు ప్రతి పాత వస్తువుకూ నకలే చేయించాను, అసలు అడిగినవాళ్ళతో పోట్లాడాను.

హైదరాబాద్‌లో మంచి కామిక్స్ కొట్టు ఎక్కడుందో మీకు తెలుసట కదా అని ఇప్పటికీ ఫోన్లు వస్తుంటాయి. చదవడానికా, షూటింగ్‌కా అని అడుగుతాను. చదవడానికైతే షేక్‌పేట దారి సందుతో సహా చెబుతాను. షూటింగ్‌కైతే, ఈ ఊళ్ళో అలాంటి కొట్టు ఒక్కటి కూడా లేదని చెప్పి పెట్టేస్తాను.