నాలుగు చెక్కల పిన్ని

పిన్ని పొలం ఎంతంటే రెండెకరాలు. ఎక్కడంటే మాత్రం నాలుగు చెక్కలుగా ఉన్న నేలని చెయ్యి నాలుగు వైపులా తిప్పి చూపించాలి. మామగారు పోయాక ఆవిడ భర్తా, మరిదీ ఒకరికి మంచి నేల, ఒకరికి చవుడు నేల పడకూడదని ప్రతి పొలాన్నీ సగానికి చీల్చి మధ్యన గట్టు వేసుకున్నారు. న్యాయం బ్రహ్మాండంగా జరిగింది, ట్రాక్టరు తిరగడానికే చోటు లేకుండా పోయింది. తర్వాత భర్త పోయినా పిన్ని సేద్యం వదల్లేదు.

బావి పక్కన బెండ, దాని అవతల టమాటా, దూరాన దిబ్బ మీద కంది, దిబ్బను ఆనుకుని మొక్కజొన్న. ఆవిడ బెండలో ఉంటే పార కందిలో ఉండేది. కూలీలకు పనికన్నా నడకే ఎక్కువ, వచ్చిన లాభంలో సగం ఆ నడకే మింగేది. అయితేనేం, టమాటా ధర పాతాళానికి పడిన ఏడాది కంది గట్టెక్కించింది. అన్ని చెక్కల్లోనూ టమాటాయే వేసిన మరిది ఆ ఏడు తల పట్టుకు కూర్చున్నాడు.

చిక్కల్లా మోకాళ్లతో వచ్చిపడింది. ఇంకెన్నాళ్లు తిరుగుతావు, కౌలుకిచ్చేద్దాం అన్నాడు కొడుకు. పిన్నికి ప్రాణం ఉసూరుమంది. తిన్నగా మరిది ఇంటికెళ్లి, బావివైపు మొత్తం నువ్వు తీసుకో, దిబ్బవైపు మొత్తం నాకివ్వు, బావినీళ్లు మాత్రం ఇద్దరివీ అని బేరం పెట్టింది. మరిది నాన్చి నాన్చి ఒప్పుకున్నాడు. కొడుకు సంబరపడి, అంతా ఒక్కచోటికొచ్చిందిగా, ఒకే పంట వేసేద్దామన్నాడు.

"గట్టు తీసెయ్యమన్నాను గానీ పంటలు తీసెయ్యమన్నానా?" అంది పిన్ని. ట్రాక్టరు సాఫీగా పోయేలా నాలుగు పంటలూ పొడుగ్గా నాలుగు పట్టీలుగా వెయ్యాలని తేల్చేసింది.

మర్నాడు పొద్దున్నే వెళ్లి గడ్డి పీకడం మొదలెట్టింది. నడుమెత్తి చూస్తే పక్కన బావి! అలవాటు కొద్దీ కాళ్లు పాత చెక్కకే తీసుకొచ్చాయి. ఇంతలో దిబ్బవైపు నుంచి ఒళ్లంతా మట్టితో మరిది వస్తున్నాడు, భుజాన పిన్ని పార.

"వదినా, నా పాత చెక్కే అనుకుని టమాటా మోళ్లన్నీ తవ్వేశాను. సగం అయ్యాక గుర్తొచ్చింది, అది నీదని."

పిన్ని తన కాళ్ల దగ్గరి గడ్డికుప్ప చూపించింది. ఇద్దరికీ నవ్వు ఆగలేదు. గట్టు పడ్డాక ఒకరి నేలలో ఒకరు చెయ్యిపెట్టడం అదే మొదటిసారి.

"పార ఇలా ఇవ్వు. ఇకనించీ అదీ నేనూ ఒకేచోట ఉంటాం," అంది పిన్ని.