శాలిబండ నుంచి హవాయి అడ్డా దాకా

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి బయటికి వెళ్లిపోయే మనిషిని నేను. మా బాపు శ్మశానాన్ని ఆనుకుని ఉన్న ఇటుక బట్టీలో పనిచేసేవాడు. చిన్నప్పుడు చాలా రాత్రులు అక్కడే పడుకున్నాను. గాలికి బూడిద లేవడం చూశాను, కుక్కలు ఏడవడం విన్నాను. అంతకు మించి ఏమీ లేదు. ఈ వయసులో కూడా చీకట్లో ఒక్కడినే నడవడానికి నాకు జంకు లేదు.

అందుకే ఈ సంగతి రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. ఇది చీకట్లో జరిగింది కాదు. పట్టపగలు, నడి బజారులో, అందరూ చూస్తుండగా జరిగింది.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులవి. బేగంపేటలో విమానాలు దిగే మైదానంలో పని జోరుగా సాగుతోంది. ఇప్పుడు ఎయిర్‌పోర్టు అంటున్నాం గానీ, అప్పట్లో మేమంతా హవాయి అడ్డా అనేవాళ్లం. రాళ్లు కొట్టడానికి, మట్టి మోయడానికి కూలీలు ఎంతమంది ఉన్నా చాలేవారు కాదు. పాత బస్తీ నుంచి అంత దూరం రోజూ నడవడం కష్టం. కూలీలను తీసుకెళ్లడానికి ఇద్దరికి పర్మిట్లు దొరికాయి. ఒకరు మా అక్క మొగుడు నర్సింహ. రెండో ఆయన కిషన్‌బాగ్ ఖాసిం భాయ్.

ఇద్దరూ ఫలక్‌నుమాలో ఒకే షెడ్డులో మెకానిక్కులుగా పనిచేసినవాళ్లు. ఒక గిన్నెలో తిన్నవాళ్లు. యుద్ధం వల్ల పెట్రోలు దొరక్క బస్సులను బొగ్గు మీద నడపాల్సి వచ్చినప్పుడు, వెనక తగిలించే ఇనుప డ్రమ్ములను ఇద్దరూ కలిసే తయారు చేసుకున్నారు. ఒకటి మా బస్సుకు, ఒకటి ఆయన బస్సుకు. డ్రమ్ములో బొగ్గు రాజేస్తే వచ్చే గ్యాసుతో ఇంజను నడిచేది. ఎత్తు వస్తే జనం దిగి తొయ్యాల్సిందే.

పర్మిట్లు వచ్చాక ఆ స్నేహం చెడింది. ఇద్దరి బస్సులూ శాలిబండలో ఒక ఇరానీ హోటల్ ముందు నుంచే బయల్దేరాలి. జనం ఎవరి బస్సు ఎక్కుతారన్నదే రోజూ లొల్లి. మా బస్సును బావ నడిపేవాడు, నేను టికెట్లు కొట్టేవాణ్ని. ఖాసిం భాయ్ తన బస్సుకు డ్రైవర్ని పెట్టుకుని, తాను మాత్రం హోటల్ పక్క గోడ దగ్గర నిలబడి జనాన్ని పిలిచేవాడు. బొంగురు గొంతు, మెడకు ఎర్ర రుమాలు. మాట మాటకూ అరచేత్తో గోడను చరిచేవాడు.

"అక్కా, ఆగు! అటెక్కకు. మన బస్సొస్తున్నది, మస్తు జాగున్నది. జల్ది పోతం!"

ఆయన అలా అంటే, మా బస్సు మెట్టు మీద కాలు పెట్టినవాళ్లు కూడా దిగేవారు. ఆయన మాటలో ఏముందో గానీ, బస్సు కంటికి కనబడకపోయినా జనం నమ్మి నిలబడేవారు. మా బావ స్టీరింగు మీద చెయ్యి వేసి, పళ్లు కొరుకుతూ చూసేవాడు.

వానాకాలంలో ఖాసిం భాయ్ చనిపోయాడు. తెల్లవారుజామున బయట వాన పడుతుంటే షెడ్డు తలుపు వేసుకుని డ్రమ్ములో బొగ్గు రాజేశాడు. ఆ విషపు గ్యాసుకు రంగూ వాసనా లేవు. డ్రైవరు వచ్చి తలుపు తీసేసరికి బస్సుకు ఆనుకుని కూర్చున్నట్టే ఉన్నాడట. డ్రమ్ములో ఏ లోపమూ లేదు. తలుపు వేసుకోవడమే ప్రాణం మీదికి తెచ్చింది.

జనాజాకు, అంటే శవయాత్రకు, మా బావ వెళ్లాడు, నేనూ వెళ్లాను. ఖబరస్తాన్ దగ్గర ఖాసిం భాయ్ తమ్ముడు ఇబ్రహీం ఎదురొచ్చాడు. "ఇగ నీకు ఎదురు లేదు గద నర్సింహ, ఇంటికి పో" అన్నాడు. బావ వెనక్కి తిరిగాడు.

ఖాసిం భాయ్ బస్సును ఇంటివాళ్లు అమ్మేశారు. దారి మొత్తం మాదే అయింది. కొన్నాళ్లు బస్సు కిటకిటలాడింది. అక్క ముఖంలో కూడా కళ వచ్చింది. అక్కకు ఇద్దరు ఆడపిల్లలు. మాదన్నపేటలో ఇల్లు, కిరాయిది.

తర్వాత పాలమూరు నుంచి కొత్త కూలీలు దిగారు. ఖాసిం భాయ్ పోయాక పట్నానికి వచ్చినవాళ్లు వాళ్లు. ఆయన ముఖం చూసే అవకాశమే లేదు. ఈ మాట గుర్తుంచుకోమని చదివేవాళ్లను కోరుతున్నాను.

ఒకరోజు మేము బస్సు తెచ్చి ఆపాం. ఆ కూలీల్లో సగం మంది ఎక్కలేదు. "ఎందుకు ఎక్కరు?" అని అడిగాను. వాళ్లలో పెద్దామె బాలమ్మ చెప్పింది.

"ఇంకో బస్సొస్తదంట గదన్నా. ఆయన ఆగుమన్నడు."

"ఎవరు?"

"గా గోడకాడాయన. ఎర్ర రుమాలు కట్టుకున్నాయన. గోడ మీద చెయ్యి కొట్టుకుంట పిలుస్తడు."

ఎవరో వేళాకోళం చేస్తున్నారు అనుకున్నాను. మేము వెళ్లిపోయాం. ఆ రోజు వాళ్లు ఎదురుచూసి చూసి, చివరికి నడుచుకుంటూ పనికి చేరారు. ఆలస్యమైందని మేస్త్రీ సగం కూలి కోశాడు. అంటే వాళ్లకు దీనివల్ల ఒరిగిందేమీ లేదు. పోయిందే ఎక్కువ. అయినా రెండు రోజులు పోయాక మళ్లీ అదే. ఒక్కోసారి కొందరు ఆగిపోయేవారు, ఒక్కోసారి అందరూ ఎక్కేవారు. దానికి ఒక లెక్క అంటూ ఉండేది కాదు.

నాకు ఇబ్రహీం మీదే అనుమానం. అన్నలాగా వేషం వేయించి ఎవరినో పంపుతున్నాడని నమ్మాను. కిషన్‌బాగ్ వెళ్లి గొడవపడ్డాను.

ఆయన గడప మీద కూర్చుని అంతా విన్నాడు. "బస్సే అమ్మేసినం. ఇంకెవర్ని పంపుత? ఎందుకు పంపుత?" అన్నాడు. నేను లేవబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఏమంటుండట?" అని అడిగాడు.

"మన బస్సొస్తున్నది, ఆగుండ్రి అంటుండట. గోడ మీద చెయ్యి కొట్టుకుంట."

ఇబ్రహీం గొంతు తగ్గించి అడిగాడు.

"కోపం మీదున్నడంటనా, మంచిగున్నడంటనా?"

గొడవపడటానికి వెళ్లినవాణ్ని, తల వంచుకుని తిరిగి వచ్చాను.

ఇక నా కళ్లతో చూడాలని, ఒకరోజు బస్సు కంటే ముందే వెళ్లి ఇరానీ హోటల్లో కూర్చున్నాను. బాగా తెల్లవారింది. బజారులో పాల కుండలవాళ్లు, టాంగాలు తిరుగుతున్నాయి. కూలీలు వచ్చి తట్టలు, పారలు కింద పెట్టి నిలబడ్డారు. గోడ నా ముందే ఉంది. దాని దగ్గర ఎవరూ లేరు.

కాసేపటికి ఒకరి తర్వాత ఒకరు గోడ వైపు తిరిగారు. అందరి ముఖాలూ ఒకే ఎత్తున, ఒకే చోట ఆగాయి. వింటున్నట్టు తల ఊపారు. ఒకడు నవ్వాడు కూడా. తర్వాత ఆ తలలన్నీ నెమ్మదిగా కుడి నుంచి ఎడమకు కదిలాయి, ఎవరో నడుస్తుంటే చూసినట్టు. బాలమ్మ తన తట్టను పక్కకు జరిపి దారి ఇచ్చింది.

నాకేమీ కనబడలేదు. చాయ్ మరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. నా పక్కన చాయ్ పోస్తున్న పెద్దాయన కేటిల్ పట్టుకుని అలాగే ఆగిపోయాడు. "ఏ లోగ్ కిస్కో దేఖ్ రహే మియా?" అని, వీళ్లంతా ఎవర్ని చూస్తున్నారని నన్నే అడిగాడు. ఆయనకూ ఎవరూ కనబడలేదు.

బస్సు పొగ వల్ల భ్రమ అనడానికి లేదు. వాళ్లింకా బస్సే ఎక్కలేదు, ఆరుబయట నిలబడ్డారు. అంతా కూడబలుక్కున్నారనడానికి కారణం కనబడలేదు. నేను చూస్తున్నానని కూడా వాళ్లకు తెలియదు.

బావకు చెప్పకూడదనుకున్నాను గానీ దాచలేకపోయాను. మొదట నవ్వాడు. తర్వాత నవ్వడం మానేశాడు. తిండి తగ్గింది. మధ్యాహ్నం బస్సు కడుగుతూ చెయ్యి ఆపి, గోడ వైపే చూసేవాడు. ఒకసారి నాతో అన్నాడు:

"బతికున్నప్పుడే వాన్ని గెల్వలేదురా రాజిగా. ఇప్పుడెట్ల గెలుస్త?"

చలికాలం మొదట్లో ఒక పొద్దున బస్సు ఆపేసరికి హోటల్ ముందంతా జనం ఉన్నారు. పాలమూరు వాళ్లే కాదు, రోజూ మాతో వచ్చే పాతవాళ్లు కూడా. ఒక్కరూ ఎక్కలేదు. ముందు ఎక్కి కూర్చున్న కొందరు కూడా దిగిపోయారు. అప్పటిదాకా అలా ఎప్పుడూ జరగలేదు.

బావ కిందికి దూకాడు. గొంతు చించుకుని అరిచాడు. "అరే, సచ్చినోడు మీకు బస్సు నడుపుతడా? ఎక్కుండ్రి! ఎవడు లేడక్కడ!"

ఎవరూ కదల్లేదు. చిన్నపిల్లల్లా బెదిరిన ముఖాలతో నిలబడ్డారు. నేను బాలమ్మ వాళ్ల దగ్గరికి వెళ్లి బతిమాలుతున్నాను. వెనక ఇంజను చప్పుడు పెరిగింది.

"నేను పోతున్న. ఎవ్వలెక్కకున్నా పోత. బస్సు ఆగితే పర్మిటు పోతది" అని బావ అరవడం విన్నాను. వెనక్కి తిరిగి పరుగెత్తాను. "బావా, ఆపు! బావా!" అని చార్మినార్ వైపు చాలా దూరం వెంటపడ్డాను. ఎప్పుడూ నన్ను ఎక్కించుకోకుండా పోని మనిషి, ఆ రోజు ఆపలేదు.

ఖైరతాబాద్ దాటాక ఎత్తు ఎక్కి దిగే చోట బ్రేకు పనిచేయలేదు. బస్సు దారి తప్పి, రాళ్లు తీసిన గుంతలో పడింది. వెనక డ్రమ్ము పగిలి నిప్పులన్నీ లోపలికి కుమ్మరించుకున్నాయి. చెక్క బల్లలు ఒక్కటి మిగలకుండా కాలిపోయాయి. రాళ్లు కొట్టేవాళ్లు బావను బయటికి లాగారు. జనం ఎక్కి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పనక్కర్లేదు.

దవాఖానకు నేనూ అక్కా వెళ్లేసరికి బావకు ఇంకా తెలివి ఉంది. ఒళ్లంతా గుడ్డలు చుట్టారు. నన్ను గుర్తుపట్టాడు. అక్కను పేరు పెట్టి పిలిచాడు. తర్వాత అడిగాడు:

"పాసింజర్లు దిగిండ్రా?"

"బస్సు ఖాళీగ పోయింది బావా. ఎవ్వరెక్కలె."

ఆయన విసుగ్గా తల అటూ ఇటూ తిప్పాడు. "ఖాళీ ఏంది? నిలబడ్డరు గదరా. మెట్టు మీద గూడ నిలబడ్డరు. నాకు ఎనక ఏం కనబడలే." మళ్లీ, "అందరు దిగిండ్రా, చూడుపో" అన్నాడు.

అక్క అడ్డొచ్చి, "దిగిండ్రు, అందరు దిగిండ్రు. నువ్వు పండుకో" అంది. ఆ సాయంత్రం ప్రాణం పోయింది.

కాలిన ఒంటితో ఉన్న మనిషి ఏవో మాట్లాడతాడు. నేను దాన్ని అలాగే తీసుకున్నాను. డాక్టరు కూడా అదే అన్నాడు. ఆ మాట అక్కా నేనూ ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో కూడా మళ్లీ ఎత్తలేదు.

దినాలు అయిపోయాక బాలమ్మ మాదన్నపేటకు వచ్చింది. మేము ఎక్కి ఉంటే నీ మొగుడు బతికేవాడేమోనని అక్క కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చింది. జనం బరువుకు బస్సు మెల్లగా పోయేదేమో అని ఆమె బాధ. అక్క ఆమెను ఏమీ అనలేదు. నేను మాత్రం అడిగాను, ఆ రోజు ఒక్కరు కూడా ఎందుకు ఎక్కలేదని. ఆ మనిషి మళ్లీ బస్సొస్తుందని చెప్పాడా అని.

"లేదు బిడ్డా" అంది బాలమ్మ. "ఆ దినం ఆయన మంచిగ లేడు. గోడకాడ గూడ లేడు. మీ బస్సు మెట్టు మీదనే చేతులడ్డం పెట్టి నిలబడ్డడు. ఎక్కినోళ్లను గూడ దింపిండు. జాగ లేదు, దిగుండ్రి, బస్సు నిండింది అన్నడు. నేను తొంగి చూసిన. లోపల ఎవ్వలు లేరు. అయినా ఎక్కబుద్ధి కాలేదు."

అక్క వైపు చూశాను. ఆమె ఏడుపు ఆపి బాలమ్మనే చూస్తోంది.

ఖాసిం భాయ్ ఆ జనాన్ని కాపాడాడా, మా బావను ఒంటరిని చేసి తీసుకుపోయాడా అని ఇన్నేళ్లుగా ఆలోచించాను. ఒక్కోసారి ఒకటి నిజమనిపిస్తుంది, ఒక్కోసారి రెండోది. ఇబ్రహీంకు ఈ సంగతి చెబితే, మా అన్న అట్లాంటోడు కాదని మాత్రం అన్నాడు. అట్లాంటోడు అంటే ఎలాంటివాడో నేను అడగలేదు.

దయ్యాలున్నాయని నేను ఇప్పటికీ అనను. కానీ బాలమ్మ వెళ్లిపోయాక, పిల్లలు నిద్రపోయిన తర్వాత, అక్క గోడకు ఆనుకుని కూర్చుని నన్నొకటి అడిగింది.

"మరి మీ బావ బస్సుల ఎవరెక్కిండ్రురా?"