బోదె పూడ్చిన ఏడాది

ఈ కార్తీకంలో మీ ఇంటి మీద పడే వాన ఏ దారిన పోయి, ఎవరి గడప దగ్గర ఆగుతుందో మీకు తెలుసా? కారు అడుగుభాగం తుప్పు పట్టకుండా ఏ రంగు వేయించాలో, డాబా మీది పగుళ్లను దేనితో పూడ్చాలో, ఏ మొక్కను ఏ నెలలో కత్తిరించాలో తడుముకోకుండా చెప్పగల మనకు ఈ ఒక్క ప్రశ్న మాత్రం ఎందుకు తట్టదు?

కోపగించుకోకండి. ఈ ప్రశ్న మిమ్మల్ని అడిగే ముందు నాకు నేను చాలాసార్లు వేసుకున్నాను. పోయిన ఆదివారం విజయవాడలో మా కాలనీ సంఘం సమావేశం జరిగింది. తుఫానుల రోజులు, వాటి వెనకే చలి, పొగమంచు వస్తాయి కనుక చేయవలసిన పనుల జాబితాను కార్యదర్శి గారు చదువుతున్నారు. డాబాలకు మరమ్మతు, కరెంటు తీగలకు తగిలే కొమ్మలు నరికించడం, కార్లకు షెడ్డు. చివరిగా, వెనక ప్రహరీ వెంట పల్లంగా ఉన్న జాగాలో రెండు టిప్పర్ల మట్టి తోలిస్తే కార్లు నీళ్లలో నిలవవన్నారు. అందరూ చేతులెత్తారు. నేనూ ఎత్తబోయాను కానీ, సగం లేచిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ ప్రహరీకి అవతల ఎవరుంటున్నారో ఇన్నేళ్లలో నేను ఒక్కసారి కూడా తొంగి చూడలేదని ఆ క్షణంలో గుర్తొచ్చింది. దానితో పాటు చల్లపల్లి దగ్గరి మా పాత పేట, మా పెరట్లో వాన నీటి కాలువైన బోదె, వెనకింటి పిన్ని, నేను డిగ్రీ రెండో ఏడు చదువుతున్న నాటి కార్తీకం, అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చి నిలబడ్డాయి.

మాది నేత కుటుంబం. తాతగారి వరకూ మగ్గమే జీవనం. నాన్నగారు మగ్గం దిగి బట్టల వ్యాపారంలోకి వచ్చారు. మా ఇంట్లో శీతాకాలపు ఏర్పాట్లు దీపావళి మర్నాడే మొదలయ్యేవి. నాన్నగారు నిచ్చెన వేసుకుని పెంకులు సర్దేవారు. అమ్మ చీరల మూటలన్నిటినీ నేల మీంచి బల్లల మీదికి ఎక్కించి, మడతల మధ్య ఎండిన వేపాకు పెట్టేది. గాలికి మొదట విరిగేది మునగ కొమ్మే కనుక పూత మీద ఉన్నా సరే దాని కొమ్మలు కొట్టించేవారు. అరటి చెట్లకు వెదురు పోట్లు పెట్టేవారు. చిక్కుడు పందిరిని కొత్త పురికొసతో బిగించడం నా వంతు. మన వయసు వాళ్లలో చాలామందికి ఈ పనులు గుర్తుండే ఉంటాయి. అప్పుడు అవి విసుగ్గా ఉండేవి. ఇప్పుడు తలుచుకుంటే, ఒక ఇల్లు ఊపిరి బిగపట్టి రాబోయే గాలివాన కోసం నిలబడినట్టు అనిపిస్తుంది.

వీటన్నిటిలోకీ చివరిది, అసలైనదీ బోదె తియ్యడం. మా వెనకిల్లు పిన్నిది. రక్తసంబంధం కాదు, వరస కలుపుకున్న పిన్ని. వాళ్లిల్లు మాకంటే మోకాలెత్తు పల్లంలో ఉండేది. వీధి కాలువకూ వాళ్లింటికీ మధ్య మా పెరడే అడ్డం. అందుకని వాళ్ల వాన నీరు గోడ కింది తూము దాటి, మా పెరట్లోని బోదె వెంట నడిచి వీధి కాలువలో కలిసేది. నాగుల చవితి నాడు నేల తవ్వకూడదు కనుక, దాని మర్నాడు పొద్దున్నే పిన్ని అటువైపు నుంచి, నాన్నగారు ఇటువైపు నుంచి పూడిక తీసుకుంటూ వచ్చి తూము దగ్గర కలుసుకునేవారు. తూము దగ్గరికి వెనకబడి చేరిన వాళ్లింటి నుంచి రెండిళ్లకూ అల్లం టీ రావాలన్నది ఎవరు పెట్టారో తెలియని నియమం. ఏటా టీ కాచేది మా అమ్మే.

“గజంబద్ద పట్టిన చేతికి పారేం లొంగుద్దండీ బావగారూ, మా అక్కని పొయ్యి వెలిగించమనండి,” అని పిన్ని గోడ అవతల నుంచే కేకేసేది.

ఆ ఎగతాళికి నాన్నగారు నవ్వేవారు గానీ, మగ్గం దిగిన మనిషికి అది ఎక్కడో తగిలేదనే ఇప్పుడు నాకనిపిస్తుంది.

పిన్నికి ఆ బోదె ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. ఆమెది గుంట మగ్గం. నేలలో నడుం లోతు గుంట తవ్వి, అందులో కాళ్లు పెట్టి కూర్చుని, అడుగున ఉన్న పలకలు తొక్కుతూ నేస్తారు. మోకాళ్ల నొప్పులతో బాబాయి గుంటలో దిగడం మానేసి కండెలు చుట్టేవాడు. నేత అంతా పిన్నిదే. ఇంట్లోకి జానెడు నీళ్లు వస్తే మనం మంచం ఎక్కి కూర్చుంటాం. గుంట మగ్గం ఉన్న ఇంట్లో ఆ జానెడు నీళ్లకే గుంట నిండుతుంది, మట్టి గోడలు జారతాయి, గంజి పట్టిన పడుగు తడిసి పోగుకు పోగు అంటుకుంటుంది. ఇదంతా తర్వాత తెలుసుకుని రాస్తున్నది కాదు. అప్పటికే నాకు తెలుసు.

ఆ ఏడు నాన్నగారు పాత వ్యాను ఒకటి కొన్నారు. హనుమాన్ జంక్షన్ వైపు దుకాణాలకు చీరల మూటలు తెల్లారేసరికి చేర్చాలని ఆయన ఆశ. దానికి చలికాలపు ముస్తాబు చేయించడానికి విజయవాడ ఆటోనగర్‌కు తీసుకెళితే నేనూ వెంట వెళ్లాను. అడుగున నల్లరంగు కొట్టారు, వైపర్లకు కొత్త రబ్బర్లు వేశారు, పొగమంచులో వెలుతురు చెదరకుండా ముందు దీపాలకు పసుపు కాగితం అంటించారు. కొత్త పెళ్లికూతురికి పసుపు రాసినట్టుందని నాన్నగారు మురిసిపోయారు. అదే వారం కళాశాలల మధ్య జరిగిన వక్తృత్వ పోటీలో, సామాజిక న్యాయం మీద మాట్లాడి నేను మొదటి బహుమతి తెచ్చుకున్నాను.

వ్యాను నిలపడానికి చోటు కావాలి. పెరట్లో బోదె ఉన్న పక్కనే జాగా; బోదెతో సహా దాన్ని మెరక చేయకపోతే చక్రాలు నీళ్లలో నానతాయి. ఆ ఏడు చవితి మర్నాడు బోదె తియ్యలేదు. దానికి బదులు టిప్పరు వచ్చింది. మొదటి మట్టి దింపేసరికి పిన్ని చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని గబగబా వచ్చింది. వద్దనలేదు. మట్టి కింద ఒక సిమెంటు గొట్టం వేయించమంది.

“ఒక్క పూట ఆగండి బావగారూ. గొట్టం మీ తమ్ముడు సైకిల్ మీద ఏసుకొచ్చేస్తాడు. మగ్గం మీద సగం చీర ఉందండీ,” అంది.

నాన్నగారు గెడ్డం గోక్కుంటూ డ్రైవరు వైపు చూశారు. ఆయన మెత్తబడ్డారు, ఆ చూపు నాకు బాగా తెలుసు. ఇంకొక్క నిమిషం ఎవరూ ఏమీ మాట్లాడకపోయి ఉంటే ఆ పూట పని ఆగేది. మాట్లాడింది నేను.

“ఆనవాయితీ వేరు, హక్కు వేరు పిన్నీ. మా జాగాలో మేం మట్టి పోసుకోకూడదని ఎక్కడా లేదు. నీళ్లకి దారి చూపించాల్సింది పంచాయతీ. అడగాల్సింది వాళ్లని, మమ్మల్ని కాదు కదా,” అన్నాను.

చక్కగా, తొణక్కుండా, వేదిక మీద నిలబడినట్టే అన్నాను. “పాపగారు ప్లీడరీ చదువుతున్నారేంటండీ,” అని డ్రైవరు నవ్వాడు. నాన్నగారి ముఖంలో గర్వం మెరిసింది. మట్టి కాదు, ఆ మెరుపే బోదెను పూడ్చిందని ఇప్పటికీ నా నమ్మకం. కూతురు అంత బాగా వాదించాక ఆయన వెనక్కి తగ్గడానికి దారి లేకుండా పోయింది.

పిన్ని ఎగదోపుకున్న కుచ్చిళ్లు దించుకుంది. “నీతో మాట్లాడి నేనేం గెలుస్తానమ్మా. నీరు పల్లమెరుగు,” అని వెళ్లిపోయింది. ఆ సామెతకు రెండో సగం ఉంది. నిజం దేవుడెరుగు అన్నది ఆమె అనలేదు. అనకుండా వదిలేసిన ఆ సగం నా చెవుల్లో ఇప్పటికీ వినిపిస్తుంది.

పౌర్ణమి దాటాక వాన పట్టింది. మూడో రోజు తెల్లవారుజామున లేచి చూస్తే మా పెరడు ఎత్తుగా, శుభ్రంగా ఉంది. వ్యాను మెరక మీద, పసుపు దీపాలతో, చక్రం నానకుండా నిలబడి ఉంది. గోడ అవతల రేకు డబ్బాతో నీళ్లు తోడుతున్న చప్పుడు వినిపించింది.

నేను గొడుగు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. బాబాయి తోడుతున్నాడు, తోడిన నీరు పోయడానికి చోటు లేక వాకిట్లోనే పోస్తున్నాడు, అది తిరిగి లోపలికే వస్తోంది. గుంట అంచు దాకా నిండింది. ఒకవైపు గోడ అప్పటికే జారి, మగ్గం ఒరుగుతోంది. పడుగు బరువుకు అది పూర్తిగా పడిపోకముందే దించేయాలి. పిన్ని చేతిలో కత్తెర ఉంది. నేత సగంలో ఉండగా పడుగు కోయడం మా ఇళ్లలో ఎవరూ చేయరు. మనిషి పోయిన ఇంట్లో కూడా ఆ చీర పూర్తి చేయించి గానీ మగ్గం దించరు.

“ఆ కొస పట్టుకో అమ్మా,” అంది. ఆ గొంతులో కోపం లేదు.

పట్టుకున్నాను. కత్తెర నడుస్తుంటే తెగిన పోగుల బిగువు నా వేళ్లలోకి వచ్చి సడలిపోవడం ఒక్కొక్కటిగా తెలిసింది. సగం నేసిన చీర బురద నీళ్లలో పడకుండా నేను గుండెలకు హత్తుకుని నిలబడ్డాను. అంతకు కొద్ది వారాల ముందు నేను తెచ్చుకున్న బహుమతిని కూడా అలాగే పట్టుకున్నాను.

వాన వెలిశాక నాన్నగారు ఎవరికీ చెప్పకుండా కూలీలను పిలిచి, తానూ పార పట్టి, మెరక కోసి గొట్టం వేయించారు. కానీ జారిపోయిన గుంట మళ్లీ కుదరలేదు. ఆ తడి నేల నిలవదని, దాన్ని పూడ్చేయడమే మేలని బాబాయి నిర్ణయించాడు. పూడ్చడానికి మట్టి కావాలి. మా పెరట్లో మిగిలిన టిప్పరు మట్టి ఉంది. దానినే గంపలతో మోశాం. మా అమ్మ, నేను కూడా మోశాం. ఆ రోజు మా అమ్మ రెండిళ్లకూ అల్లం టీ కాచింది, ఎవరూ ఎవరినీ ఎగతాళి చేయలేదు.

సంవత్సరం తిరక్కుండానే వాళ్లు విజయవాడ వచ్చేశారు. పిన్ని ఒక బట్టల దుకాణంలో, కొనేవాళ్లు విప్పి పడేసిన చీరలు మడతపెట్టే పనిలో చేరింది. నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో, క్షమించమని అడగాలని అక్కడికి వెళ్లాను. చేతిలో మడత ఆపకుండానే, “నువ్వన్నదాంట్లో తప్పేముందమ్మా, బాగానే అన్నావు,” అంది. తిట్టి ఉంటే ఈ జ్ఞాపకం ఇంత బరువుండేది కాదేమో. నా వాదంలో తప్పు లేదు. ఈ రోజుకూ ఏ న్యాయనిర్ణేత ముందు నిలబెట్టినా అది గెలుస్తుంది. తప్పు లేని మాట చెప్పి, తప్పు చేయవచ్చునన్నది నాకు ఏ కళాశాలా నేర్పలేదు.

ఇప్పుడు ముందు జాగ్రత్తలకు లోటు లేదు. తుఫాను ఎప్పుడు ఎక్కడ తీరం దాటుతుందో అరచేతిలోనే కనిపిస్తోంది. ఎవరిల్లు వాళ్లు బిగించుకుంటున్నాం, ఎవరి జాగా వాళ్లు ఎత్తు చేసుకుంటున్నాం; గోడకు రెండు వైపులా పారలు పట్టుకుని తూము దగ్గర కలుసుకునే పొద్దు మాత్రం పోయింది. బోదె ఉన్నన్నాళ్లూ వెనకింట్లో ఎవరున్నారో మరిచిపోవడానికి వీలుండేది కాదు. నీళ్లు వాళ్ల కబురు మోసుకుంటూ మా పెరట్లోంచే వెళ్లేవి.

సమావేశంలో సగం ఎత్తిన చెయ్యి దించేసి, నేను ఒక వారం గడువు అడిగాను. కొందరు విసుక్కున్నారు. మర్నాడు ప్రహరీ చుట్టూ తిరిగి అవతలికి వెళ్లాను. అక్కడ ఆరు రేకుల ఇళ్లున్నాయి, ఆరూ మాకంటే పల్లంలోనే. ఒక ఇంట్లో కుట్టు మిషను నేల మీద ఉంది. వచ్చే ఆదివారం నేను మళ్లీ మాట్లాడాలి. ఈసారి గెలవడానికి కాదు గనుక నాకు భయంగానే ఉంది.

మీరూ ఒక పని చేయండి. మట్టి తోలేవాడికి ఫోను చేసే ముందు, మీ వాకిట్లో ఒక బిందెడు నీళ్లు కుమ్మరించి, అవి పోయే దారినే వాటి వెంట నడవండి. అవి ఆగిన గడప దగ్గర మీరూ ఆగి, తలుపు తట్టి, గొట్టం ఎక్కడ వేయించమంటారో ఆ ఇంటివాళ్లనే అడగండి. వాళ్లు మాట్లాడుతున్నంతసేపూ దయచేసి ఏమీ వాదించకండి.