మడ అడవిలో మౌనవ్రతం

ఆ రోజుల్లో (మరీ తాతలనాటివేం కావు, చేతిలో సెల్‌ఫోన్ ఉన్న రోజులే) మనశ్శాంతి ఇంట్లో దొరకదనీ, దానికోసం బస్సెక్కి ఎక్కడికో వెళ్ళాలనీ చదువుకున్నవాళ్ళందరికీ ఒక్కసారే తెలిసొచ్చింది. నేనప్పుడు తెనాలిలో ఒక ప్రైవేటు కాలేజీలో కొత్తగా చేరిన కామర్స్ లెక్చరర్ని. ఏడాది చూసి, నచ్చితే పర్మనెంటు చేస్తామన్నారు. మా ప్రిన్సిపాల్‌కి మేం చాటుగా పెట్టుకున్న పేరు ప్రశాంతంగారు. "ప్రశాంతంగా ఉండండి" అని ఆయన కేకేస్తే స్టాఫ్‌రూములో గ్లాసులు కదిలేవి. ఆయన రోజూ పొద్దున్నే ఫోన్లో ఎవరెవరివో ప్రసంగాలు విని, ప్రకృతి దగ్గర జీవితపాఠాలు నేర్పించాలని మామీద పడ్డారు.

మొదట బాపట్ల సముద్రానికి తీసుకెళ్ళారు. ఆదివారం కావడంతో అలల చప్పుడు మాట దేవుడెరుగు, స్పీకర్ల మోతకి పక్కవాళ్ళ మాటే వినపడలేదు. కళ్ళు మూసుకుని కూర్చున్న మా ఇంగ్లీషు మాస్టారి చెప్పులు ఎవరో పట్టుకుపోయారు. (ఆయన మటుకు ఒక పాఠం నేర్చుకున్నారు, చెప్పులమీద కూర్చుని ధ్యానం చెయ్యాలని.) తిరుగు ప్రయాణంలో ప్రశాంతంగారు మొహం మాడ్చుకుని కూర్చుంటే, పర్మనెంటు ఆశతో నేనే నోరు విప్పాను. "రేపల్లె అవతల మడ అడవులున్నాయి సార్. పడవలో వెళ్దాం. ఎక్కింది మొదలు ఎవరూ మాట్లాడకూడదని రూలు పెడదాం." ఆయన మొహం వెలిగిపోయింది. "శభాషమ్మా. ఆ రూలు చూసే పని నీదే. శనివారం వెళ్ళి నాలుగింటికల్లా వచ్చేద్దాం. ఆ సాయంత్రం కమిటీ మీటింగుంది, నీ పర్మనెంటు కాగితం దాంట్లోనే పెడతా." ఇంక నా కాళ్ళు నేలమీద ఆగలేదు.

పడవాయన యాభై దాటిన మనిషి. "బాబాయ్, ఎక్కాక ఎవరూ మాట్లాడకూడదు, నువ్వు కూడా" అని ముందే చెప్పాను. "నేను గూడానా అండి?" అన్నాడు. "నువ్వు కూడా" అన్నాను, కాలేజీ మొత్తం నాదే అయినట్టు.

పడవ మడచెట్ల మధ్య కాలవలోకి పోయింది. అందరూ కళ్ళు మూసుకున్నారు. తెరిచి ఉన్నవి దారి చూడాల్సిన బాబాయివీ, కాపలా కాయాల్సిన నావీ. కాసేపటికి ఆయన గెడ ఆపి, నీళ్ళకేసి చూసి, ఏదో అనబోయాడు. నేను నోటిమీద వేలేసుకుని చూపించాను. ఇంకాసేపటికి మళ్ళీ నోరు తెరిచాడు. ఈసారి కళ్ళు కూడా ఉరిమాను. మూడోసారి పాపం ఆ మనిషి నోరు తెరవకుండా, నీళ్ళకేసీ ఒడ్డుకేసీ చెయ్యి తిప్పి తిప్పి చూపించాడు. పల్లెటూరివాడికీ ప్రకృతి మీద ఎంత భక్తో అనుకుని నేను దణ్ణం పెట్టాను. ఆయన గెడ పక్కన పెట్టి బీడీ తీశాడు.

పడవ మెల్లగా నిలిచిపోయింది. "ఆహా, ఈ నిశ్చలత చూశారా" అన్నారు ప్రశాంతంగారు, రూలు తనకి కాదన్నట్టు. చూద్దామని అందరూ కళ్ళు తెరిచారు. కాలవలో నీళ్ళు లేవు. చుట్టూ బురద, మధ్యలో మేము. బురదచేపలు కొన్ని దగ్గరికొచ్చి మమ్మల్ని వింతగా చూస్తున్నాయి.

"ఏంటయ్యా ఇది?" "సముద్రం ఆటు మీదుందండి. నీళ్ళు తీసేసినయ్యి. మళ్ళీ పోటొచ్చేతలికి పొద్దుగూకుద్దండి." ప్రశాంతంగారు దిగి నడుస్తానని కాలు పెట్టారు. మోకాలిదాకా దిగబడింది. కాలొచ్చింది గానీ బూటు రాలేదు. అప్పుడు ఆయన వేసిన కేకకి చెట్లమీద కొంగలన్నీ లేచిపోయాయి. "మీటింగు పోయింది. ఇది ఎవరి తప్పో తేలాలి. వాళ్ళని ఈ అడవిలోనే వదిలేసిపోతా. ఏమయ్యా, ముందే చెప్పొద్దా?"

బాబాయి నా వంక చూశాడు. నేను బురదచేపల వంక చూశాను.

"మర్చిపోయానండి" అన్నాడు. "నాదే తప్పు."

సముద్రం మీద బతికేవాడు ఆటుపోట్లు మర్చిపోయాడట. పెద్ద చదువులు చదివిన మేమంతా నమ్మాం. ప్రశాంతంగారు ఆయనకి బాధ్యత గురించి గంటసేపు పాఠం చెప్పారు. నేను నోరు మెదపలేదు. ఆ రోజు పడవలో రూలు సరిగ్గా పాటించింది నేనొక్కదాన్నే.

మీటింగు సోమవారం పెట్టారు. పర్మనెంటయ్యాను. 'ప్రకృతి నేర్పిన ఓర్పు' అని నేను రాసిన రిపోర్టు కాలేజీ పత్రికలో కూడా వేశారు. సిగ్గు తట్టుకోలేక ఒకరోజు బెల్లం జిలేబీ కట్టించుకుని వెళ్ళాను. బాబాయి వల బాగుచేసుకుంటున్నాడు. "ఎందుకట్లా చెప్పావు బాబాయ్?" అంటే నవ్వాడు. "మీ మొహం చూస్తే ఉద్యోగం పోయేట్టుందమ్మా. నా పడవెక్కడికి పోద్ది? బురదలోనే ఉందిగా." జిలేబీ తుంచి నోట్లో వేసుకుని, "కానీ మా ఆవిడికి మాత్రం నిజం చెప్పుకున్నానండి. మర్చిపోయానంటే ఇంట్లోకి రానివ్వదు" అన్నాడు.

ఇప్పుడు కొత్త లెక్చరర్లను ఆ కాలవలోకి తీసుకెళ్ళేది నేనే. రూలేమీ పెట్టను. పడవాయన నోరు తెరిస్తే మటుకు మిగతావాళ్ళని ఆపుతాను. నోటిమీద వేలేసుకుని, ఊళ్ళేలుతున్నట్టు కూర్చున్న అప్పటి అమ్మాయి గుర్తొస్తే నవ్వొస్తుంది. నవ్వు అయ్యాక, ఆటు ఎప్పుడో పడవాయన్ని ఇంకోసారి అడుగుతాను.