గాజుపెట్టె సముద్రానికి పట్టిన పాకురు

మా మరిది నెలన్నర శిక్షణకని హైదరాబాద్ పోతూ పోతూ సముద్రాన్ని నాకు అప్పజెప్పిపోయాడు. నేను సముద్రాన్ని చూసిన మనిషిని కాను. హుజూర్‌నగర్ చుట్టాలింటికి పోయినప్పుడు కృష్ణను చూశాను, అంతే.

మరిది సముద్రం మూడడుగుల గాజుపెట్టె. మగ్గాల గదిలో, మా ఆయన నేసే గుంటమగ్గానికి ఎదురుగా ఉండేది. ఉప్పునీళ్లు, నాలుగు రాళ్లు, నారింజ ఒంటి మీద తెల్ల పట్టీలున్న రెండు చేపలు, ఒక పగడం. పగడమంటే దండలో గుచ్చేదనే అనుకునేదాన్ని. ఇది బతికున్నది. పెట్టె మీది లైటు వెలగగానే పట్టు కుచ్చులాగా విచ్చుకునేది, కొసలన్నీ లేత పచ్చన. నేను దాన్ని పువ్వు అనేదాన్ని. బొటనవేలి గోరంత ముక్క తెచ్చి మూడేళ్లు సాకాడు మరిది. మా అత్త పోయిన తర్వాత అతను ఇంట్లో ఎవరితోనూ నాలుగు మాటలు కలిపేవాడు కాదు. దాని ముందు కూర్చున్నప్పుడే నోరు విప్పేవాడు.

పోయేరోజు సంచి భుజానేసుకుని అన్నాడు: "వదినె, చేపలు బోతే మళ్ల తెచ్చుకుంట. గా పువ్వును మాత్రం జర సూస్కో. గది బోతే నేనిగ పెట్టెనే ఎత్తేస్త."

నీళ్లు ఆవిరై పెట్టె మీద గీసిన గీత కిందికి దిగితే క్యాన్ నీళ్లు పోయాలి, నల్లా నీళ్లు వద్దు. రోజుకొక చిటికెడు మేత. ఇంతే చెప్పాడు. నీళ్ల సంగతి చెప్పినట్టే చేశాను. మేత దగ్గరే నా చెయ్యి మాట వినలేదు. మేం మగ్గాల గదిలోనే కూర్చుని తినేవాళ్లం. కంచం ముందు పెట్టుకోగానే రెండు చేపలూ అద్దం దగ్గరికి వచ్చి నోళ్లు తెరిచి నిలబడేవి. వాటి ముందు నేనొక్కదాన్ని ముద్ద ఎట్లా మింగేది? మూడు పూటలా మూడు చిటికెళ్లు వేశాను.

పది రోజులకు అడుగున తెల్ల ఇసుక మీద ఇటుకపొడి చల్లినట్టు మరక కనబడింది. తర్వాత అద్దానికి పచ్చని పాకురు పట్టింది. తుడిస్తే రెండో రోజుకల్లా మళ్లీ పట్టేది. రాళ్ల మీద వెంట్రుకల్లాంటి పాకురు మొలిచింది. నీళ్లు కూడా పచ్చబడ్డాయి.

"ఏందే, నీ సముద్రానికి గడ్డం మొలిసింది?" అన్నాడు మా ఆయన, పోగును అటూ ఇటూ విసిరే నాడె ఆపకుండానే.

"నవ్వకు. పువ్వు తెల్లగైతాంది, నీళ్లు పచ్చగైతున్నయి. దాని రంగు నీళ్లల్లకు దిగుతాంది."

అప్పుడు మగ్గం గుంటలోంచి లేచి వచ్చాడు. వంగి చాలాసేపు చూశాడు. "అవునే. దీనికి రంగు సరిగ పట్టలే" అన్నాడు.

మా ఇద్దరికీ చిన్నప్పటి నుంచి తెలిసిన పని అద్దకమే. తొట్టిలో రంగు నూలుకు ఎక్కకుండా నీళ్లలోనే ఉండిపోతే ఉప్పు వేస్తాం. ఉప్పు పడితే రంగు నీళ్లను వదిలి నూలును పట్టుకుంటుంది. ఇక్కడా రంగు నీళ్లలోనే ఉంది, పువ్వుకేమో లేదు.

"ఉప్పునీళ్లే గద, ఇంక జరంత ఏస్తే ఏమైతది?" అన్నాను.

"ఏం గాదు, ఎయ్యి" అన్నాడు.

మూడు పిడికిళ్ల దొడ్డుప్పు క్యాన్ నీళ్లలో కరిగించి పోశాను.

మర్నాడు పువ్వు విచ్చుకోలేదు. ఎండిన కాకరకాయలాగా ముడుచుకుపోయింది. ఒక చేప మూలకు పోయి ఎగపోస్తున్నది. మరిదికి వీడియో ఫోన్ చేసి అద్దానికి ఎదురుగా పట్టుకున్నాను.

"ఏం జేసినవ్ వదినె? నిజం జెప్పు."

"ఉప్పేసిన."

"ఏ ఉప్పు?"

"దొడ్డుప్పు."

"ఎందుకేసినవ్?"

"రంగెక్కుతదని."

ఫోన్ పువ్వుకు ఇంకా దగ్గరగా పెట్టమన్నాడు. పెట్టాను. చూసి మెల్లగా అన్నాడు: "అది అద్దకం గాదు వదినె. పువ్వుకు రంగు దాని ఒంట్ల బతికే నాచుతోని అస్తది. నీళ్లల్ల ఉన్నది వేరే నాచు."

"రెండు నాచేనా?"

"రెండు నాచే. లోపలిది పోతే పువ్వు సస్తది. బయటిది పెరిగితే పువ్వు సస్తది."

ఈ మాట నాకు ఇప్పటికీ కొరుకుడు పడలేదు. ఒకదాన్ని కాపాడాలి, ఒకదాన్ని చంపాలి. రెండూ పచ్చవే, రెండూ ఒక్క నీళ్లలోనే.

మూల డ్రమ్ములో అతను సముద్రపు ఉప్పు కలిపి పెట్టుకున్న నీళ్లున్నాయి. పెట్టెలోంచి పొద్దున ఒక బకెట్, సాయంత్రం ఒక బకెట్ తీసి, డ్రమ్ములోవి కొంచెం కొంచెంగా పోయమన్నాడు. మేత రెండు రోజులకొక చిటికెడే. మూడు రోజులు లైటు ఆర్పి, కిటికీ మూసి, పెట్టె మీద దుప్పటి కప్పాలి.

"వెలుగు లేకుంటే పువ్వుకు గూడ ఆకలైతది గద?"

"అయితది. గని బయటి నాచు ముందు సస్తది."

"ముందు పువ్వే సస్తే?"

"గందుకే మూడు రోజులే అంటున్న. నాలుగో రోజు దుప్పటి తియ్యి."

కిటికీ మూస్తే మగ్గం మీద పోగు కనబడదు. మా ఆయన మూడు రోజులు అరుగు మీద కూర్చున్నాడు. "పాకురుకు శిక్ష ఏసిండ్రు, నన్ను గూడ బయటేసిండ్రు" అని వచ్చేపోయేవాళ్లకు చెప్పుకున్నాడు. నాలుగో రోజు దుప్పటి తీస్తే నీళ్లు తేటపడ్డాయి. రాళ్ల మీది వెంట్రుకలు మాత్రం అట్లనే ఉన్నాయి. పళ్ల బ్రష్‌కు చుట్టి ఒక్కొక్క కుచ్చు పీకాను. పీకింది మళ్లీ మొలిచింది. మళ్లీ పీకాను. చేప తేరుకుని తిరగసాగింది. పువ్వు ఒక రోజు కొంచెం తెరుచుకునేది, రెండు రోజులు ముడుచుకునేది. ఏం చేసినందుకు తెరుచుకుందో, ఏం చేసినందుకు ముడుచుకుందో ఎంత ఆలోచించినా తేలలేదు.

మరిది వచ్చినరోజు కాళ్లు కూడా కడుక్కోకుండా పెట్టె ముందు కూర్చున్నాడు. పువ్వు ఒక పక్క సున్నపురాయిలాగా తెల్లగా బిగుసుకుపోయింది. ఇంకో పక్క ఏడెనిమిది కొసలు బయటికి వచ్చి ఊగుతున్నాయి. వాటి పచ్చదనం అంతంత మాత్రమే.

"నా చేతులారా చేసిన" అన్నాను.

అతను అద్దానికి నుదురు ఆనించి చూశాడు. "సగం ఉన్నది గద వదినె" అన్నాడు. ఇక ఆ సగం చచ్చిన సగం మీదికి మెల్లగా ఎట్లా పాకుతుందో, దానికెన్ని నెలలు పడుతుందో చెప్పడం మొదలుపెట్టాడు. పెట్టెకు కాదు, నాకు. అంత పొడుగు మాట అతని నోట నేను విని ఏడాది దాటింది.

"ఇంతకు ఏది పనిచేసింది? చీకటా, కొత్త నీళ్లా, మేత తగ్గించుడా?" అని అడిగాను.

"తెల్వది" అన్నాడు. బ్రష్ అందుకుని, చచ్చిన వైపు మొలిచిన ఒక వెంట్రుకను చుట్టబోయి, ఆగి, బ్రష్ నా చేతికే ఇచ్చాడు. "నువ్వే తియ్యి. దానికి నీ చెయ్యి అలవాటైంది."