ట్రాఫిక్‌లో పుట్టినదాన్ని

1987, వానాకాలం. ఖరగ్‌పూర్‌లో ఖరిదా బజారుకు దగ్గర్లో ఉన్న ఒక చిన్న ఆసుపత్రిలో నేను క్యాజువాలిటీ సిస్టర్‌ని. క్యాజువాలిటీ అంటే దెబ్బలు తగిలినవాళ్ళనీ, ఉన్నట్టుండి పడిపోయినవాళ్ళనీ ముందుగా తెచ్చి పడుకోబెట్టే గది. ఆసుపత్రి పేరు చెప్పను. అక్కడ పనిచేసినవాళ్ళు ఇప్పటికీ బజార్లో ఎదురుపడుతుంటారు, నాకేమో ప్రశాంతంగా కూరలు కొనుక్కోవాలని ఉంటుంది. అప్పటికి నాది పదకొండేళ్ళ సర్వీసు. నోటి దురుసు అంతకంటే పాతది.

మా ఊరు తెలియనివాళ్ళకి ఒక మాట. ఉన్నది బెంగాల్లోనే అయినా చాలా ఇళ్ళలో వంటింటి భాష తెలుగే. తాతల నాడు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైల్వే వర్క్‌షాపు పనికి వచ్చి స్థిరపడిన కుటుంబాలు. మావాళ్ళు ఇంకాస్త కింద, కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవులు. వీధిలో బెంగాలీ, ఆఫీసులో హిందీ, ఇంట్లో తెలుగు. మూడు భాషల్లోనూ పోట్లాడగలం.

ఒక రోజు పొద్దున పదకొండు గంటలప్పుడు చేపలమ్మేవాళ్ళిద్దరు ఒక ముసలాయన్ని రిక్షాలో తెచ్చి దింపారు. రోడ్డు పక్కన పడి ఉన్నాడట. ఎవరో తెలియదు. నుదురు చీరుకుపోయి రక్తం కారుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ చూపు నిలవడం లేదు. డ్యూటీలో ఉన్నది డాక్టర్ సేన్, కలకత్తా నుంచి వచ్చి అప్పటికి మూడో రోజు. బాగా చదువుకున్నవాడు, మర్యాదస్థుడు. “ఏమైంది దాదూ?” అని ఆయన బెంగాలీలో ఎన్నిసార్లు అడిగినా ముసలాయనది ఒకటే జవాబు: “ట్రాఫిక్... ట్రాఫిక్...”

నేను వార్డులో డ్రెస్సింగ్ ముగించుకుని వచ్చేసరికి కేసు షీటు మీద “రోడ్ ట్రాఫిక్ యాక్సిడెంట్, హెడ్ ఇంజరీ” అని రాసి ఉంది. అంటే ఏదో బండి గుద్దింది, తలలో దెబ్బ తగిలింది అని. మా దగ్గర తలకు ఆపరేషన్ చేసే వసతి లేదు కనక కలకత్తా పంపాలి. డ్రైవరు అంబులెన్సును మెట్ల దగ్గరికి తెచ్చి పెట్టేశాడు కూడా.

నాడి చూద్దామని ముసలాయన మణికట్టు పట్టుకుంటే నా చెయ్యి జారింది. అంత చెమట. పైన ఫ్యాను తిరుగుతోంది, బయట చల్లగా ఉంది, ఆయన చొక్కా మాత్రం పిండితే నీళ్ళు కారేలా ఉంది. బండి గుద్దిన మనిషికి నుదుటి మీద తప్ప ఇంకెక్కడా గీత కూడా పడలేదేమిటి?

“తాతా, ఏటైనాది తాతా?” అన్నాను చెవి దగ్గర వంగి.

తెలుగు వినేసరికి ఆయన ముఖం నా వైపు తిరిగింది. “ట్రాఫిక్ ఎల్లిపోతానమ్మా... సూదేసీసుకున్నాను... బువ్వ తిన్నేదు... సేపలకొచ్చినాను...”

సూది అంటే ఇన్సులిన్. షుగరు జబ్బువాళ్ళు ఇన్సులిన్ వేసుకుని తిండి తినకపోతే ఒంట్లో చక్కెర పడిపోతుంది. దాన్నే హైపోగ్లైసీమియా అంటాం. మనిషికి చెమటలు పడతాయి, మతి తప్పుతుంది, కుప్పకూలిపోతాడు. వేళకు గ్లూకోజ్ అందకపోతే ప్రాణమే పోతుంది. కలకత్తా మూడు గంటల దారి.

నోరు ఎంత పెద్దదైనా డాక్టరు రాసినదాన్ని కాదనడం మాకు అలవాటు లేదు. అయినా వెళ్ళి స్ట్రెచర్‌కి అడ్డంగా నిలబడ్డాను.

“సార్, ఇది యాక్సిడెంట్ కాదు. ట్రాఫిక్ అంటే ఆయన ఇల్లు.”

“ట్రాఫిక్‌లో ఇల్లేమిటి సిస్టర్? ట్రాఫిక్‌లో మనుషులుంటారా?”

“నేను ట్రాఫిక్‌లోనే పుట్టాను సార్. మా అమ్మానాన్నలు ట్రాఫిక్‌లోనే కాపరం చేశారు. అది రైల్వే కాలనీ పేరు. ఇన్సులిన్ తీసుకున్నాడట, అన్నం తినలేదట. ల్యాబ్ రిజల్టు దాకా ఆగితే అరగంట. రెండు నిమిషాలు ఇవ్వండి, డెక్స్‌ట్రోజ్ ఎక్కిద్దాం.”

డెక్స్‌ట్రోజ్ అంటే చిక్కటి గ్లూకోజ్ నీళ్ళు. డాక్టర్ సేన్ నన్నొకసారి, ముసలాయన్నొకసారి చూశాడు. ఇంకొకరైతే నా మీద అరిచేవాళ్ళే. ఆయన పరీక్షకు రక్తం తీసి, సిరంజి అందుకుని తానే ఎక్కించాడు.

సగం మందు పోయేసరికి ముసలాయన చూపు కుదుటపడింది. మొత్తం పోయాక తల ఎత్తి గదంతా చూసి, “నా సేపలేవమ్మా?” అన్నాడు.

నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. “సేపల సంగతి తర్వాత. సూదేసీసుకుని ఊరు తిరగమని ఎవులు సెప్పినారు నీకు?”

“వాన ఎలిసినాది కదాని బజారుకొచ్చీసినానమ్మా.”

ఆయన పేరు అప్పలస్వామి, వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరై ట్రాఫిక్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాడు. డాక్టర్ సేన్ కేసు షీటు మీద తాను రాసింది కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, నా ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “సిస్టర్, ఈ ఊరేమిటో నాకు రాసివ్వండి.”

టెంపరేచర్ చార్టు వెనక నాకొచ్చిన ఇంగ్లీషులో రాసిచ్చాను. ట్రాఫిక్ ఒక కాలనీ, ప్రమాదం కాదు. వర్క్‌షాపు మనుషులు గట్టిగా మాట్లాడితే అది కోపం కాదు, ఏళ్ళ తరబడి సుత్తి దెబ్బల మధ్య పనిచేసి వాళ్ళ చెవులు మందగించాయి. కాలేజీ హాస్టళ్ళ పక్కనున్న ప్రేమ్ బజార్ నుంచి కళ్ళు తిరుగుతున్నాయని వచ్చే కుర్రాణ్ణి ముందు అసలేమైనా తిన్నావా అని అడగండి. ఇక ఆఖరి ముక్క కింద రెండు గీతలు గీశాను: ఇక్కడి తెలుగు ముసలివాళ్ళు మీతో బెంగాలీలోనే మాట్లాడతారు. ఆ బెంగాలీ ఆగిపోయి తెలుగులోకి వెళ్ళిపోయారంటే పరిస్థితి విషమించిందని అర్థం. వెంటనే తెలుగు వచ్చినవాళ్ళని పిలవండి.

ఆ కాగితాన్ని ఆయన క్యాజువాలిటీ గోడకు అంటించాడు. పాతబడి చిరిగితే ఎవరో ఒకరు మళ్ళీ రాసి పెట్టేవారు. చార్టులూ రిపోర్టులూ ఎన్నో రాశాను, నాకు గర్వంగా ఉండేది మాత్రం ఆ ఒక్క కాగితం చూస్తేనే. జబ్బు తెలుసుకోవాలంటే ముందు ఊరు తెలియాలని నేర్చుకున్నది ఆ కేసుతోనే.

1996లో, డాక్టర్ సేన్ వెళ్ళిపోయిన చాలాకాలానికి, ఒక ముసలమ్మను తెచ్చారు. మూలుగుతూ “ట్రాఫిక్” అంటోంది. ఆ వారమే చేరిన లేడీ డాక్టరు గోడ మీది కాగితం వైపు ఒకసారి చూసి, నాడి పట్టుకుని, వచ్చీరాని తెలుగులో అడిగింది: “ట్రాఫిక్‌లో ఎక్కడమ్మా, మీ ఇల్లు?”